అమ్మినవాళ్ల పలుపు

పావగడ బస్టాండు వెనక లాడ్జిలో ఏజెంట్ ధనంజయ గోడ ప్లగ్గు కిందే చచ్చిపడి ఉన్నాడు. ఛార్జర్ ఇంకా చేతిలోనే ఉంది.

“అతన్ని చంపింది తూటా కాదు, ఖాళీ పవర్ బ్యాంక్,” నేత్రావతి చెవికమ్మలోని రేడియోలో చీఫ్ గొంతు పలికింది. “చేలల్లో దాక్కున్నంతసేపూ క్షేమంగా ఉన్నాడు. బ్యాటరీ అయిపోయి ఊళ్లోకి వచ్చాడు. ఊళ్లో ప్లగ్గు ఉన్నచోటల్లా వాళ్ల మనిషి ఉన్నాడు. నువ్వు గోడ ప్లగ్గు జోలికి పోవద్దు.”

“మిషన్, సార్?”

“విదేశీ ముఠా సోలార్ పార్కు ఇన్వర్టర్లలో వైరస్ పెట్టింది. సూర్యుడు నడినెత్తికి రాగానే అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. గ్రిడ్ కూలుతుంది. ఆసుపత్రుల్లో వెంటిలేటర్ల మీద ఉన్నవాళ్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. పార్కులోకి వెళ్లి వైరస్‌ను చంపే కిల్ కోడ్ ఎక్కించు. లోకల్ కాంటాక్ట్ మొబైల్ షాపులో ఉంటుంది.”

ఆమె లాప్‌టాప్‌లో తొమ్మిది శాతమే మిగిలింది. వాట్-అవర్లు పరిమితి దాటాయని ఆమె పెద్ద బ్యాటరీ ప్యాక్‌ను విమానం ఎక్కనివ్వలేదు. ఊరి బయట కనుచూపు మేరా నల్లటి సోలార్ పలకలు, ఎక్కడెక్కడి నగరాలకో కరెంటు. ఆమెకు మాత్రం ఒక్క ప్లగ్గు లేదు.

గడ్డి కోసే కూలిమనిషి వేషంలో, తలకు తువ్వాలు చుట్టుకుని షాపులోకి అడుగుపెట్టింది. కౌంటర్ దగ్గర నల్లకళ్లద్దాల అందగత్తె నిలబడి ఉంది.

“శెనక్కాయకు ఊడలు దిగినాయా?” నేత్రావతి కోడ్ వదిలింది.

“వాన యాడుండాదక్కా?” అంది అందగత్తె. కోడ్ సరిపోయింది. “నేను మోనిక. మాది ఈ పక్క నిడుగల్లే. గొర్లూ ఎనుములూ కాసిన ఇల్లు.”

షాపు ఓబులేశ్ ఒక తళతళలాడే పవర్ బ్యాంక్ డబ్బా తీశాడు. “యాభై వేల ఎంఏహెచ్ కెపాసిటీ అక్కా! వారమంతా దిగులే లేదు.”

నేత్రావతి దాన్ని అరచేతిలో తూచింది. దూదిలా ఉంది. “ఇంత తేలికైన దాంట్లో యాభై వేలు యాడ దాచినారప్పా? అయినా ఇది ఫోన్లకు. లాప్‌టాప్‌కు అరవై అయిదు వాట్లు కావల్ల.”

ఓబులేశ్ నవ్వి, మూల నుంచి బరువైన బూడిదరంగు ప్యాక్ తీశాడు. ఇరవై వేలు, వంద వాట్లు, టైప్-సి. సరైనదే.

మోనిక చప్పున తన సంచిలోంచి కేబుల్ తీసి దానికి గుచ్చింది. “ఇదీ తీసుకో అక్కా. స్పెషల్ కేబుల్.”

నేత్రావతి అలవాటుగా కేబుల్ ఊడదీసి వెనక్కిచ్చింది. “పలుపు నువ్వే పెట్టుకో పాపా. నాది నేను తెచ్చుకున్నా.”

“పలుపేంది? దీంతోనే పెట్టల్ల. ప్యాకుతో పాటే పోవల్ల!” మోనిక మళ్లీ గుచ్చబోయింది.

ఓబులేశ్ పకపకా నవ్వాడు. “ఎనుమును అమ్మి పలుపు కూడా ఇస్తారా ఎవురన్నా? కొన్నోళ్లే తెచ్చుకుంటారు గదా!”

నేత్రావతి నవ్వలేదు. కొన్నవాళ్లు గేదెను తోలుకుపోయినా, దాన్ని కట్టిన పలుపుతాడును అమ్మినవాళ్లు గూటం దగ్గరే ఉంచుకునే సీమ ఇది. పశువులింటి పిల్ల ఎవరూ పలుపును ఇలా అంటగట్టదు. ఇది నిడుగల్లు పిల్ల కాదు, కోడ్ ధనంజయ దగ్గర కాజేసి ఉంటారు. ఆ కేబులూ ఉత్త కేబుల్ కాదు, ప్రాణం తీసే ఉచ్చు.

ఏమీ ఎరగనట్టు ప్యాక్ మాత్రం తీసుకుని ఆటో ఎక్కింది.

పార్కు పక్కనున్న మంగళవాడ దారిలో దిగి గడ్డి కోసేవాళ్లతో కలిసి పార్కులోకి జొరబడింది. పలకల నీడన, గడ్డి మోపు పక్కన కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ఒక శాతం. తన కేబుల్ గుచ్చింది. తెర మీద చిన్న మెరుపు గుర్తు వెలిగింది. కిల్ కోడ్ ఇన్వర్టర్లలోకి ఎక్కడం మొదలైంది. పలకల నీడ అంగుళం అంగుళం ముడుచుకుపోతోంది.

“ఆ కేబుల్ పెట్టి ఉంటే నీకు నొప్పి తెలిసేది కాదక్కా.”

పలకల వరుస చివర మోనిక. సైలెన్సర్ ఉన్న పిస్టల్.

“కోడ్ ఆపు,” అంటూ దగ్గరకొచ్చింది.

తొంభై ఆరు శాతం. నేత్రావతి చేయి మెల్లగా లాప్‌టాప్ వైపు కదిలి, పక్కనున్న గడ్డి మోపును ఎత్తి మోనిక మొహానికి విసిరింది. తూటా మట్టిలో దిగింది. మరుక్షణం పిస్టల్ గడ్డిలో పడింది, మోనిక నేల మీద పడింది. నేత్రావతి మోపు తాడుతోనే ఆమె చేతులు కట్టి, నోట్లో తువ్వాలు కుక్కి, మీద గడ్డి కప్పేసింది.

సూర్యుడు నడినెత్తిన నిలబడ్డాడు. ఇన్వర్టర్ల హోరు ఒక్క క్షణం తడబడింది. నూరు శాతం. హోరు మళ్లీ నిలకడగా సాగింది.

వెనక నుంచి మేస్త్రీ బోరయ్య కేక వినిపించింది.

“ఏమ్మే! గడ్డి కోయమంటే నీడన కూసోని సినిమా చూస్తాండావా?”

నేత్రావతి లాప్‌టాప్ మూసి కొడవలి అందుకుంది. “ఇప్పుడే అయిపోయిందన్నా. ఈరోయిన్ బాగుంది గానీ, నటనే రాదు.”