పారేసిన మాత్రలు

"సుమా, మాత్ర వేసుకున్నావా?" వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"ఆఁ, వేసుకున్నా!" అంది సుమశ్రీ. మాత్ర ఇంకా పిడికిట్లోనే ఉంది. కిటికీలోంచి కిందికి విసిరేసింది.

ఆమెకు టైఫాయిడ్. జ్వరం మొన్ననే తగ్గింది. తగ్గాక కూడా ఆ చేదు మాత్రలెందుకు? వచ్చే వారం స్కూల్లో ఖోఖో పోటీ. టీమ్‌లో అందరికంటే వేగంగా పరిగెత్తేది తనే.

అలా రోజూ మాత్రలు కిటికీ దాటాయి. పోటీ రేపనగా ఒళ్లు మళ్లీ కాలిపోయింది.

అమ్మ అమీర్‌పేటలో తన జావా కంప్యూటర్ క్లాసు మానేసి, సుమను ఆటోలో పంజాగుట్టలోని క్లినిక్‌కు తీసుకెళ్లింది.

డాక్టర్ అమీనా పొట్ట నొక్కి చూసింది. "మందులన్నీ సరిగ్గ వేసిన్రా?"

"ఒక్క పూట కూడా తప్పలేదండీ. నేనే చేతికిచ్చాను" అంది అమ్మ.

"అయితే గీ మందు పనిచేస్తలేదు. హాస్పిటల్ల చేర్పించి ఇంజెక్షన్లు ఇయ్యాలె."

అమ్మ మొహం పాలిపోయింది. "ఉద్యోగం రావాలని క్లాసుల చుట్టూ తిరుగుతున్నాను. పిల్లను సరిగ్గా చూసుకోలేదేమో."

సుమశ్రీ ఇక ఉండలేకపోయింది. "అమ్మ తప్పేం లేదు ఆంటీ. నేనే మాత్రలు పారేశాను."

అమ్మ తిట్టలేదు. తిడితేనే బాగుండేదనిపించింది సుమకు.

"జ్వరం పోయింది కదా! బ్యాక్టీరియా చచ్చిపోయిందనుకున్నా" అంది నెమ్మదిగా.

"జర విను బిడ్డా. మన ఒంట్ల కాపలా కణాలుంటయి. క్రిములను మింగి చంపుతయి. ఈ టైఫాయిడ్ బ్యాక్టీరియా మాత్రం వాటి కడుపులనే చిన్న గది చేసుకొని కూసుంటది. చావదు. లోపలనే ఒకటి రెండైతది, రెండు నాలుగైతయి."

"మిగతా కాపలా కణాలు పట్టుకోవా?"

"ఎట్ల పట్టుకుంటయి? బయటికెల్లి చూస్తే తమ కణమే కనపడ్తది."

"పోలీసు జీపులో దొంగ దాక్కున్నట్టా?"

డాక్టర్ నవ్వింది. "గట్లనే! మన మందు ఆ గదిలకు సుత పోతది. కానీ మధ్యల ఆపితే, మిగిలినయి మళ్ల బయటపడ్తయి."

రక్తపరీక్ష చేయించి, అదే మందు మొదటినుంచి మొదలుపెట్టమంది. దాంతో తగ్గకపోతే హాస్పిటలే.

ఖోఖో పోటీ సుమ లేకుండానే జరిగిపోయింది. "ఓడిపోయినం యార్" అని పక్కింటి అల్ఫియా వచ్చి చెప్పింది. ఆమె వెళ్లాక సుమ దుప్పట్లో దూరి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, ఆ పూట మాత్ర అడిగి మరీ వేసుకుంది.

జ్వరం తగ్గింది. ఒళ్లు తేలికైంది. ఒక మధ్యాహ్నం అమ్మ క్లాసు టెస్టు హడావిడిలో మాత్ర సంగతి మరిచిపోయి, సుమను చూస్తుండమని అల్ఫియా వాళ్లమ్మకు చెప్పి వెళ్లింది.

"సుమా! క్యారమ్స్ ఆడదాం, రా!" బయట్నుంచి అల్ఫియా కేకేసింది.

"ఒక్క నిమిషం!"

ఇంట్లో ఎవరూ లేరు. సుమ స్టూలెక్కి అలమర పైనుంచి మాత్ర తీసింది. నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. దిగలేదు. చేదంతా నాలుక మీద కరిగింది. కళ్లలో నీళ్లొచ్చాయి. అయినా ఉమ్మలేదు. గట్టిగా కళ్లు మూసుకుని ఇంకో గుక్క తాగింది.

దిగింది.

"వస్తున్నా!" అంటూ తలుపు తీసింది.