మాటవరసకి పిలిచింది

మేముండే ఫ్రిస్కోలో మావాళ్లెవరైనా అలాస్కా ఉత్తర కొసకి బయల్దేరుతుంటే తిండి సంగతి నన్నడుగుతారు. అడగడమే ఆలస్యం, చెప్పేస్తాను. మేం వెళ్లిన ఊళ్లో ఉన్నది ఒక్కటే కొట్టు. అందులో టమాటాలు కొనాలంటే గుండె చిక్కబట్టుకోవాలి. బియ్యం, పప్పు, పొడులు, చిన్న రైస్ కుక్కర్ వెంట తీసుకెళ్లండి. మందు అమ్మరు, తెచ్చుకోనివ్వరు కూడా. పెట్టెలో సీసా దాచే తెలివితేటలు వద్దు. నీళ్లు ట్యాంకర్‌లో వస్తాయి కాబట్టి అంట్లు తోమేటప్పుడు మనింట్లోలాగా కొళాయి వదిలేయకండి. ఆ చలిలో దాహం తెలీదు, అయినా గోరువెచ్చని నీళ్లు తాగుతూనే ఉండాలి.

ఇంతవరకూ బుద్ధిగా వింటారు. చివరిది చెబితే నవ్వుతారు. మా అత్తయ్య కూడా అలాగే నవ్వింది.

అత్తయ్య పేరు నాగమల్లేశ్వరి. ఏలూరు నుంచి ఆర్నెల్లు ఉందామని నవంబర్‌లో వచ్చింది. ఆకాశంలో ఆ రంగుల వెలుగులు చూడాలని సరదా పుట్టి, డిసెంబర్‌లో నన్నూ మా ఆయన చక్రధర్‌నీ లాక్కెళ్లింది. మేం దిగిన గెస్ట్‌హౌస్ నడిపే డోరా వంటగది చూపిస్తూ ఆ చివరి మాట చెప్పింది. తినేటప్పుడు బయట ఎవరైనా కనిపిస్తే మీరుగా పిలవొద్దు, ఊళ్లోవాళ్లయితే తలుపు కొట్టి వాళ్లే వస్తారు, అంది. నేను అది అత్తయ్యకి తెలుగులో చెప్పాను.

"పిలిస్తే మాత్రం ఎవరు తింటారు భావనా? మాటవరసకి మనం రమ్మంటాం, ఇప్పుడే తిన్నామండీ అని వాళ్లంటారు. అంతేగా."

ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు రాడు. మర్నాడు మధ్యాహ్నం భోజనాలకి కూర్చునేసరికే కిటికీ అవతల కాటుక చీకటి. గాలి చప్పుడు కూడా ఆగిపోయింది. పప్పుచారులో వేసిన ఇంగువ పోపు గదంతా ఘుమఘుమలాడుతోంది. డోరా తన ఇంటికి వెళ్లిపోయింది. అత్తయ్య అన్నం కలుపుతూ కిటికీ వైపు చూసింది.

"పాపం, ఎవరో ఆవిడ మంచులో నిలబడిందే. కాళ్లకి చెప్పులైనా లేవు..."

మాకు కిటికీ అద్దంలో మా ముఖాలే కనిపించాయి.

"అమ్మా, వద్దు," అన్నాడు చక్రధర్.

డెబ్బై ఏళ్ల అలవాటు, ఆపితే ఆగుతుందా? అప్పటికే నోట్లోంచి వచ్చేసింది.

"రండమ్మా, భోంచేద్దురుగాని."

తలుపు తెరుచుకోలేదు. గదిలోకి మాత్రం చలి వచ్చింది... తడిసిన ఉన్ని వాసన... అత్తయ్య పక్కనున్న ఖాళీ కుర్చీ కిర్రుమంది.

అత్తయ్య కంచంలో అన్నం తగ్గుతోంది. అత్తయ్య చెయ్యి మాత్రం కదలడం లేదు.

"ఇంకాస్త వడ్డించు," అంది గుసగుసగా. "చాలనడం లేదు."

వడ్డించాను. మళ్లీ వడ్డించాను. కుక్కర్ అడుగు గీకాను... అయినా చాలనలేదు.

డోరాకి ఫోన్ చేశాను. పిలిచింది మీరు, నేను పంపలేను, అని పెట్టేసింది. మంచు తుఫానులో విమానాలు ఆగిపోయాయి. మేం తెచ్చిన బియ్యం నిండుకుంది. అత్తయ్య ముద్ద నోట్లో పెట్టుకుంటుంది, నములుతుంది, మింగుతుంది, ఆకలే అంటుంది. చంటిపిల్లకి పెట్టినట్టు నేను తినిపించినా అంతే. కళ్లముందు మనిషి కరిగిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో పగవాళ్లకి కూడా తెలియకూడదు.

ఫ్రిస్కోలో మా ఇంటికి తిరిగొచ్చేస్తే వదులుతుందనుకున్నాం. వదల్లేదు. డాక్టర్లు అన్ని టెస్టులూ చేసి అన్నీ నార్మల్ అన్నారు. గుళ్లో హోమం చేయించాం. మే నెల వచ్చింది, బయట కారు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. అత్తయ్య గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఆవిడ పక్క కుర్చీ మాత్రం ముట్టుకుంటే మంచుగడ్డే.

నిన్న మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్న అత్తయ్య ముఖం ఉన్నట్టుండి తేటపడింది.

"చాలంది భావనా. కడుపు నిండిందట."

నాకు ఏడుపొచ్చేసింది. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. గబగబా ముద్ద కలిపాను.

"తినండి అత్తయ్యా."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడొద్దే. ఇన్నాళ్లు మన చేతి అన్నం తింది కదా, రుణం ఉంచుకునే మనిషి కాదు. మనల్ని భోజనానికి పిలిచింది."

"మాటవరసకి అనుంటుందిలే అమ్మా." అన్నాడు చక్రధర్.

"ఆవిడకి మాటవరసలు తెలీవురా."

"ఎవర్ని పిలిచింది?" అన్నాను.

"ఇంటిల్లిపాదినీ."

ఇవాళ పొద్దున్నే అత్తయ్య క్లోజెట్‌లోంచి మా మూడు చలికోట్లూ తీసి సోఫా మీద పరిచింది. చక్రధర్ దాచేశాడు. ఇప్పుడు చూస్తే మళ్లీ అక్కడే ఉన్నాయి. నేను పొయ్యి వెలిగించలేదు. కిటికీలన్నీ బిగించే ఉన్నాయి. అయినా పెరట్లోంచి ఇంగువ పోపు వాసన వస్తోంది...

పొద్దుటి నుంచి రెండుసార్లు తిన్నాను. ఆకలేస్తోంది.