రోస్‌విటా నడిపిన బండి

గురువారం ఉదయం ఏడున్నరకి రోస్‌విటా ఎప్పటిలాగే వంటింటి కిటికీ పక్కన కుర్చీ వేసి, భర్తని కూర్చోబెట్టి గడ్డం గీస్తోంది. మార్చి నెలలో ఎక్‌హార్ట్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట ఉంది గాని ఒక్కొక్క ముక్కగా వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్లు లారీ తోలిన మనిషి మంచం నుంచి కుర్చీకీ, కుర్చీ నుంచి మంచానికీ తప్ప కదలడం లేదు. ఆయన చేతికర్రతో నిలబడగలడని, నిలబడటానికి ఇష్టపడటం లేదంతేనని వ్యాయామం చేయించే ఆవిడ రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పడం మానేసింది.

గడ్డం సగంలో ఉండగా కూతురు సిల్కే తలుపు తీసుకుని వచ్చింది. నగరపాలక కార్యాలయంలో ఉద్యోగం ఆమెకి. పనికి వెళ్లే దారిలో రోజూ పది నిమిషాలు ఆగి వెళుతుంది. ఆవేళ కోటు కూడా విప్పకుండానే రెండు సంగతులు చెప్పింది. పెరట్లో ఉన్న మోటార్‌హోమ్, అంటే పడకా పొయ్యీ ఉన్న ప్రయాణాల బండి, కొనడానికి శనివారం ఒకాయన వస్తున్నాడు. అక్టోబరు ఒకటి నుంచి నాన్నకి వృద్ధుల సంరక్షణ గృహంలో గది దొరికింది. రెండూ మంచి వార్తలే అన్నట్టు చెప్పి, బండి కాగితాలు తీసి ఉంచమని, రేపు వచ్చి పట్టుకెళతానని వెళ్లిపోయింది.

రోస్‌విటా మిగిలిన సగం గడ్డం గీసింది. తువ్వాలుతో మొహం తుడిచి, విన్నావా అని భర్తని అడిగింది. ఎక్‌హార్ట్ కిటికీలోంచి బండి వైపు ఒకసారి చూసి, "పోనీ" అన్నాడు. తన గది సంగతి గాని, బండి సంగతి గాని ఇంకో మాట మాట్లాడలేదు. ఆ "పోనీ" ఆమెకి రోజంతా చెవుల్లో మోగుతూనే ఉంది.

ఆ బండిలో వాళ్లు దేశానికి ఉత్తరాన బాల్టిక్ తీరం నుంచి దక్షిణాన బవేరియా కొండల దాకా తిరిగారు. నడిపింది ఎప్పుడూ ఆయనే. ఆమె పని పటం చూడటం, కాఫీ కలపడం, ట్యాంకులో నీళ్లు నింపడం. స్కూలు వంటశాలలో పనికి ఇరవై ఆరేళ్లపాటు తన చిన్న కారు తనే నడుపుకుంటూ వెళ్లింది, చలికాలం మంచులో కూడా. కానీ బండి దగ్గరికి వచ్చేసరికి, లారీవాణ్ణి పక్కన పెట్టుకుని నీకెందుకు తంటాలు అని ఎక్‌హార్ట్ నవ్వేసేవాడు. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆ నవ్వే జవాబు. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, నాలుగోసారి అడగలేదు.

శుక్రవారం ఉదయం సిల్కే వచ్చేసరికి బండి తలుపు బార్లా తెరిచి ఉంది. తల్లి దుప్పట్లు మోసుకొస్తోంది. లోపల పొయ్యి మీద కాఫీ గిన్నె, బల్ల మీద మందుల పెట్టె, సీటు పక్కన మడిచి పెట్టిన చక్రాల కుర్చీ. ఎక్‌హార్ట్ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఇదంతా కోపంగా చూస్తున్నాడు.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

"మోజెల్ నది లోయకి వెళుతున్నాం. ద్రాక్ష కోతలు మొదలయ్యాయి."

"ఎవరు తీసుకెళుతున్నారు?"

"నేనే."

సిల్కే ముందు నవ్వింది. తల్లి నవ్వకపోయేసరికి ఆమె గొంతు మారింది. జూలైలో ఒక మధ్యాహ్నం తను వచ్చేసరికి స్నానాల గదిలో ఇద్దరూ నేల మీద పడి ఉన్నారనీ, నాన్నని లేపబోయి అమ్మ నడుం పట్టేసి గంటన్నరపాటు అలాగే ఉందనీ గుర్తు చేసింది. ఆ రోజు నుంచి ఫోను మోగితే చాలు తన గుండె ఆగిపోతోందని అంది. ఒకర్ని కాపాడుకోబోయి ఇద్దర్నీ పోగొట్టుకోలేనంది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదని రోస్‌విటాకి తెలుసు. అయినా దుప్పటి మడత పెడుతూనే ఉంది.

"తాళాలు ఇలా ఇవ్వు. ఇది నాలుగు టన్నుల బండి, నీ బుల్లి కారు కాదు."

"నా లైసెన్సు పాతకాలంది. ఏడున్నర టన్నుల దాకా నడపొచ్చు. నీది కొత్తది, మూడున్నర దగ్గరే ఆగిపోతుంది. ఈ ఇంట్లో ఇప్పుడు దీన్ని నడిపే హక్కు నాకొక్కదానికే ఉంది."

సిల్కే తండ్రి వైపు తిరిగింది. నువ్వైనా చెప్పు నాన్నా అంది. ఎక్‌హార్ట్ పెదవులు కూడదీసుకున్నాడు.

"నీ వల్ల... కాదు, రోసీ."

రోస్‌విటా చేతిలో దుప్పటి పక్కన పెట్టి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఎప్పుడైనా నడపనిచ్చి చూశావా? చూడకుండానే కాదన్నావు, నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు నీ కూతురు నన్ను అడక్కుండా బండిని ఒకరికీ నిన్ను ఒకరికీ అప్పగిస్తోంది, నువ్వు పోనీ అంటున్నావు. నేను అనను. రావాలనుంటే రా. లేదంటే సిల్కేతో వెళ్లు, నేనొక్కదాన్నే వెళతాను."

"పక్క సీట్లో... కూర్చోను."

"అయితే వెనక బల్ల దగ్గర కూర్చో. అక్కడా బెల్టు ఉంది."

ఆయనని ఎక్కించడానికి పక్కింటాయన సాయం పట్టాడు. సిల్కే చేతులు కట్టుకుని గోడవారగా నిలబడింది, ముందుకు రాలేదు. బండి గేటు దాటేటప్పుడు వెనక చక్రం పూలచెట్ల గట్టు ఎక్కి దిగింది. రోస్‌విటా ఆపలేదు.

మొదటి ముప్పై కిలోమీటర్లూ వెనక నుంచి "బ్రేకు... బ్రేకు" అని వినపడుతూనే ఉంది. ఆమె రేడియో శబ్దం పెంచింది. చేతులు చెమటలు పట్టి స్టీరింగు జారుతుంటే ఒక్కో చెయ్యి లంగాకి తుడుచుకుంటూ, పెద్ద లారీలు రాసుకుంటూ పోతున్నప్పుడల్లా ఊపిరి బిగబట్టి నడిపింది. కోబ్లెంజ్ ఊరి దగ్గర కాఫీకి ఆగి, ఒక లారీ డ్రైవరు సాయంతో దింపినప్పుడు, వెనక నుంచి తనకేమీ కనపడటం లేదని ఎక్‌హార్ట్ ఫిర్యాదు చేశాడు. ముందుకి వస్తావా అని ఆమె అడగలేదు. చక్రాల కుర్చీ చుట్టూ తిప్పి ముందు తలుపు తీసి, ఊరికే నిలబడింది. ఆయన ఎడమ చేత్తో పిడి పట్టుకుని తనంతట తానే సగం లేచాడు. మిగతా సగం ఆమె లేపింది.

మోజెల్ లోయలోకి దిగేసరికి ఎండ పచ్చగా కాస్తోంది. నిటారు కొండల మీద ద్రాక్ష తోటలు, వాటి మధ్య బుట్టలు వీపున కట్టుకుని కోసేవాళ్లు. నది ఒడ్డున బండ్లు నిలుపుకునే చోట ఆ రాత్రికి ఆగారు. సిల్కే నాలుగుసార్లు ఫోను చేసింది. ఐదోసారికి రోస్‌విటా తీసి, ఊరి పేరు చెప్పి, కావాలంటే నువ్వు రా, బండి కొనేవాణ్ణి మాత్రం తీసుకురాకు అని పెట్టేసింది.

సిల్కే రావడానికే నిశ్చయించుకుంది. కొనే ఆయనకి సోమవారం రమ్మని చెప్పి, శనివారం పొద్దున్నే బయలుదేరింది. నాన్నని తన కారులో ఎక్కించుకుని ఇంటికి తెచ్చేయాలన్నది ఆమె ఉద్దేశం. అమ్మ బండితో ఏం చేసుకుంటుందో తర్వాత చూడొచ్చు.

అదే పొద్దున ఆ ఊళ్లో వైన్ పండుగ ఊరేగింపు ఉందని నది ఒడ్డు ఖాళీ చేయించి, ఆ పక్క దారి మూసేశారు. బండ్లన్నిటినీ ఊరి మధ్య సందులోంచి పంపుతున్నారు. సందు మలుపులో ఒక రాతి ఇంటి చూరు బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఎదురుగా తోటగోడ. రోస్‌విటా సగం తిప్పాక బండి పైభాగం చూరుకి అరచెయ్యంత దూరంలో ఆగింది. ముందుకి పోతే చూరు, వెనక్కి వస్తే గోడ. వెనకాల ద్రాక్ష నింపిన తొట్టెతో ఒక ట్రాక్టరు వచ్చి నిలబడింది. దాని మీద హెరిబర్ట్ అనే ముసలి ద్రాక్షతోట రైతు.

"అమ్మా, ఈ పళ్లు తొట్టెలోనే పులిసి వైన్ అయ్యేలోపు దారి ఇస్తారా?" అని అడిగాడాయన. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఎవరో ఎడమకి అన్నారు, ఇంకెవరో కుడికి అన్నారు. రోస్‌విటా ఇంజను ఆపేసి, ఎదురుగా చూస్తూ భర్తతో నెమ్మదిగా మాట్లాడింది.

"నాకు వెనక ఏమీ తెలియడం లేదు. వీళ్లలో ఎవరి మాటా నేను నమ్మను. నువ్వు దిగి వెనక నిలబడు. నువ్వెలా చెబితే అలా తిప్పుతాను."

"నిలబడలేను."

"నేను నడపలేనన్నావు. నడిపి ఇక్కడిదాకా తెచ్చాను. నీ వంతు నువ్వు చెయ్యి."

ఎక్‌హార్ట్ బెల్టు విప్పుకున్నాడు. తర్వాత ఎడమ చేత్తో తలుపు తీశాడు. హెరిబర్ట్ ట్రాక్టరుని రెండిళ్ల అవతలికి వెనక్కి తోసి, దిగివచ్చి భుజం ఇచ్చాడు. ఇద్దరూ బండి చుట్టూ అంగుళం అంగుళం నడిచి వెనక్కి చేరారు. అక్కడ ఎక్‌హార్ట్ తోటగోడకి వీపు ఆనించి, చేతికర్ర చంకలో బిగించి, హెరిబర్ట్‌ని వదలమన్నాడు. ఎడమ చెయ్యి పైకెత్తాడు. చెయ్యి తిప్పాడు, ఇంజను మోగింది. పిడికిలి మూశాడు, బండి ఆగింది.

ఊరి బయట కారు వదిలి నడిచి వస్తున్న సిల్కే సందు మొదట్లో గుంపుని చూసి పరిగెత్తుకొచ్చింది. ఆరు నెలలుగా ఒకరు పట్టుకుంటే గాని లేవని తండ్రి, నడివీధిలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. కాలు వణుకుతోంది. మెడ మీద చెమట ధారగా కారుతోంది. ఆమె ఒక్క ఉదుటున వెళ్లి ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసింది.

ఎక్‌హార్ట్ ఆమెకేసి చూడలేదు.

"పక్కకి... జరుగు, సిల్కే. అద్దంలో... అమ్మకి నేను కనపడాలి."

సిల్కే చెయ్యి తీసేసి గోడ పక్కకి జరిగింది. పావుగంటలో పదకొండుసార్లు బండి ముందుకీ వెనక్కీ కదిలింది. ఒక్కసారి కూడా ఎక్కడా తగల్లేదు. చివరిసారి చూరు కింద నుంచి బయటపడి సందు వెడల్పయిన చోట ఆగగానే కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. రోస్‌విటా తలుపు తీసుకుని దిగి వెనక్కి వచ్చింది. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడే ఆయన మోకాలు వంగిపోయింది. ఈసారి తల్లీకూతుళ్లిద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు.

మధ్యాహ్నం హెరిబర్ట్ తన పెరట్లోనే బండి నిలపమన్నాడు. ఆయన భార్య ఉల్లిపాయల రొట్టె, ఇంకా నురుగు పోని కొత్త వైన్ తెచ్చిపెట్టింది. సిల్కే ముక్క తుంచి పళ్లెంలోనే పెట్టేసింది. తను చేసింది మీ మంచికోసమేనని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. ఆ రోజు స్నానాల గదిలో చూసిన దృశ్యం తన కళ్లలోంచి పోవడం లేదని, అందుకే అన్నిటినీ త్వరగా సర్దేయాలనుకున్నానని అంది.

"భయపడ్డావు. అది నాకు తెలుసు" అంది రోస్‌విటా. "ఇంటికి పొద్దునపూట ఒక నర్సుని పెట్టుకుందాం, దానికి ఒప్పుకుంటాను. నా నడుం నిజంగానే బాగాలేదు. కానీ ఆయన ఎక్కడ ఉండాలో, ఈ బండి ఎక్కడ ఉండాలో మమ్మల్ని అడక్కుండా ఇంకెప్పుడూ తేల్చకు. మేమింకా ఉన్నాం."

సిల్కే తల ఊపింది. కాసేపటికి ఫోను తీసుకుని పెరటి చివరికి వెళ్లి, కొనే ఆయనతో మాట్లాడింది. బండి అమ్మడం లేదండీ, మా అమ్మ నడుపుతోంది అని చెప్పడం వాళ్లిద్దరికీ వినపడింది.

అప్పుడు ఎక్‌హార్ట్ గ్లాసు కింద పెట్టి నోరు తెరిచాడు. మాటలు కూడదీసుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. రోస్‌విటా తొందరపెట్టకుండా కూర్చుంది.

"నువ్వు నడపగలవని... తెలుసు. మంచులో చిన్న కారు... చూశాను. నడపడం ఒక్కటే... నాకు వచ్చిన పని. అదీ నీకు వస్తే... నేనెందుకు అనుకున్నాను."

రోస్‌విటాకి కోపం, నవ్వు, ఏడుపు ఒకేసారి ముంచుకొచ్చాయి. ముందు కోపమే బయటికి వచ్చింది. ఈ మాట నలభై ఏళ్ల కిందట చెప్పి ఉంటే ఎన్ని దారుల్లో నేనూ నడిపేదాన్ని అంది. ఆ తర్వాత ఆయన చచ్చుబడిన కుడి చేతిని తన ఒళ్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటీ విప్పుతూ కళ్లు తుడుచుకోకుండా ఏడ్చింది. ఆయన చెయ్యి లాక్కోలేదు.

ఆదివారం ఉదయం వాళ్లు నది వెంబడే త్రియర్ ఊరి వైపు బయలుదేరారు. ఎన్నాళ్లు తిరుగుతారని సిల్కే అడిగితే, కోతలు అయ్యేదాకా అంది తల్లి. జాగ్రత్తలు చెప్పబోయి సిల్కే ఆగిపోయింది. రోజూ ఫోను చెయ్యమని మాత్రం అడిగింది.

"రోజూ చెయ్యను. రోజు విడిచి రోజు చేస్తాను" అంది రోస్‌విటా, అద్దం సర్దుకుంటూ.

సిల్కే కారు వంతెన ఎక్కి ఇంటి దారి పట్టింది. సగం వంతెన మీద నుంచి చూస్తే నది అవతలి ఒడ్డున తెల్లబండి ఏ తొందరా లేకుండా మలుపు తిరుగుతోంది. చిన్నప్పటి నుంచి ఎప్పుడూ నాన్న పక్క సీట్లోనే చూసిన అమ్మ ఎలాంటి మనిషో తనెప్పుడూ అడిగి తెలుసుకోలేదని ఆమెకి అప్పుడు తట్టింది. వంతెన దిగగానే కారు పక్కకి ఆపింది. స్టీరింగు మీద తల ఆనించి, ఆరు నెలలుగా బిగబట్టుకున్నదంతా తనివితీరా ఏడ్చింది.