ఐలీథియా నడికట్టు

ఆ ఇంట్లో ముడి అన్నది లేకుండా విప్పేశారు. చెప్పుల వార్లు, మేక పలుపు, ఆడవాళ్ళ జడలు, అన్నీ. అర్కాడియా కొండపల్లెల్లో కాన్పు జరిగే ఇంట్లో ముడి ఉండకూడదు. ఉంటే బిడ్డ కడుపులోనే చిక్కుకుపోతుంది.

"మీ ఆయన ద్రాక్షసారా తిత్తి మూతి కూడా విప్పావుటే?" అంది మంత్రసాని ఫానో.

"దాన్ని ఆయన కట్టిందెప్పుడక్కా!" అంది తిమారెట. మంచం మీద నికిప్పె కూడా నొప్పుల మధ్య నవ్వింది. తిమారెటకి ఆ పిల్ల ఒక్కతే కూతురు.

అది నిన్న పొద్దుటి మాట. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. ఎవరూ నవ్వడం లేదు.

నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి. బిడ్డ మాత్రం బెత్తెడు కూడా కిందికి జారలేదు. ఫానో తిమారెటని పక్కకి లాగింది. "ఇంకో పూట ఇలాగే ఉంటే ఇద్దరూ దక్కరే" అని గుసగుసలాడింది.

నీళ్ళ కోసం తిమారెట వాకిట్లోకి వచ్చింది. చెవులు గింగురుమనేలా అరుస్తున్న కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పుడే ఆర్పిన కాగడా వాసన వేసింది. అరుగు మీద ఎవరో ముసలమ్మ కూర్చుని ఉంది. కాలు మీద కాలు బిగించి, రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి పెనవేసి మోకాలి మీద పెట్టుకుంది.

కాన్పు ఇంటి ముందు అలా ఎవరూ కూర్చోరు. చిన్నపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి.

"అమ్మా... చేతులు విడదీయమ్మా. లోపల పిల్ల..."

తిమారెట ఆ వేళ్ళు పట్టుకుని లాగింది. చల్లటి రాయి. ఒక్క వేలు కూడా కదల్లేదు. లోపల నికిప్పె కేక పెట్టింది.

"నీ మంచి నడికట్టు..." అంది ముసలమ్మ మెల్లగా.

తిమారెటకి పాత మొక్కు గుర్తొచ్చింది. నికిప్పె తన కడుపులో ఉన్నప్పుడు, కాన్పుల దేవత ఐలీథియాకి తన పెళ్ళినాటి నడికట్టు ఇస్తానని మొక్కుకుంది. తీరా పిల్ల పుట్టాక, దాని ఎర్రదారపు అల్లిక చూసి మనసొప్పక, చిరిగిపోయిన ఇంకో నడికట్టు గుడిలో వేలాడదీసి వచ్చింది. దేవతకి తెలుస్తుందా ఏమన్నానా అనుకుంది, పిచ్చిది.

పరుగున వెళ్ళి పెట్టె తెరిచి, ఆ నడికట్టు తెచ్చి ముసలమ్మ ఒళ్ళో పెట్టింది. "తప్పయిపోయింది తల్లీ... బిడ్డని వదిలెయ్... బిడ్డని..."

ముసలమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. "ఇన్నేళ్ళ బాకీ..." అంటూ కాలు కిందికి దించింది.

కేర్ మని పసిబిడ్డ ఏడుపు.

తిమారెట సంతోషంతో ఏడుస్తూ లోపలికి పరుగెత్తింది. "ఎవరక్కా? ఆడపిల్లా, మగపిల్లాడా?"

ఫానో ఖాళీ చేతులు చాచుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆ చేతులు పొడిగా ఉన్నాయి. పక్కగుడ్డ మీద నెత్తురు చుక్క లేదు. ఇందాకటిదాకా నిండుగా ఉన్న నికిప్పె కడుపు... చదునుగా, పెళ్ళికాని పిల్ల కడుపులా ఉంది.

ఏడుపు మాత్రం వినిపిస్తూనే ఉంది. వాకిట్లోంచి... కంచె దాటి... కొండదారి పైకి. గుమ్మంలోంచి చూస్తే అరుగు మీద ముసలమ్మ లేదు. పరుగెత్తాలని తిమారెట ప్రాణం కొట్టుకుంది. కాళ్ళు కదల్లేదు.

నికిప్పె కళ్ళు తెరిచింది. మొహంలో నొప్పి జాడే లేదు. హాయిగా నిద్రలేచినట్టు ఒళ్ళు విరుచుకుని, చెవొగ్గి వింది.

"ఎవరి పాపమ్మా, అలా ఏడుస్తోంది?"