మంచి కాలు ముందు

మయూర్ విహార్‌లో ఒక రికవరీ హోమ్ ఉంది. దాంట్లో కింద చివరి గదికి చీకటి పడితే ఆయాలెవరూ వెళ్లరు.

ఆపరేషనయ్యాక ఆస్పత్రివాళ్లు పంపించేస్తారు, ఇంటికెళ్దామంటే ఇంకా నడక రాదు... అలాంటి పెద్దవాళ్లని ఆ హోమ్‌లో కొన్నాళ్లుంచుకుని నడిపిస్తారు. ఆ చివరి గదిలో ఉన్నవి చెక్కమెట్లే. ఇటు ఎక్కి అటు దిగడం. ఎక్కడికీ పోవు.

భీమేశ్వరరావుగారని ఒక ముసలాయన వాటిమీదే మళ్లీ నడక నేర్చుకున్నాడట. తెల్లారితే ఇంటికెళ్లాల్సిన మనిషి... రాత్రే పోయాడు. అప్పట్నుంచీ ఆ గదిలో కర్ర చప్పుడు. టక్... టక్...

చెప్పింది అక్కడ నైట్ డ్యూటీ చేసే జ్ఞానకుమారి ఆంటీ. భీమవరం మనిషి. వినొద్దనుకుంటూనే విన్నాను.

ఎందుకంటే నేను అద్దెకుండే ఇంటి ఓనరు హాసిని అక్క వాళ్లమ్మ కాంతమ్మగారు, తుంటి ఎముక విరిగి అక్కడే ఉంది. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. శనివారం ఫిజియో ముందు మెట్లెక్కి దిగితేనే ఇంటికి. లేకపోతే అక్కడే... ఎన్నాళ్లో తెలీదు.

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఫిజియో చెప్పేది హిందీలో. ఈవిడ రోజూ తిరగేసేది.

"ఆ అబ్బాయి మాటలు నాకే అర్థం కావు, నా కాలికేం అర్థమవుతాయే" అని నవ్వేది. అంతలోనే, "ఇక్కడే పోతానేమోనే హాసినీ" అనేది.

గురువారం రాత్రి కరెంటు పోయింది. ఆంటీ టార్చి పట్టుకుని చూస్తే — కాంతమ్మగారి మంచం ఖాళీ.

వరండా చివర్నుంచి... టక్. ఆగింది. మళ్లీ టక్.

చీకట్లో ఆంటీ కూడా ఆ గదికి ఎప్పుడూ వెళ్లలేదట. అయినా పేషెంటు కదా, వెళ్లింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి బొంగురుగా, గుసగుసగా — "మంచి కాలు... ఆఁ... ఇప్పుడు కర్ర..."

తలుపు తోసింది. మెట్టు మీద కాంతమ్మగారు. ఒక్కతే.

"చంపేశారు కదండీ పిన్నిగారూ. పడితే?"

"ఎల్లుండే కదమ్మా పరీక్ష. ఎవరితో అనకు."

అమ్మయ్య, ఈవిడే తనలో తను అనుకుంటోంది... అనుకుంది ఆంటీ.

శనివారం ఒక్క తప్పు లేకుండా ఎక్కి దిగింది. ఫిజియో తెల్లబోయి, "కిస్‌నే సిఖాయా?" అన్నాడు.

"ఎవరు నేర్పారని అడుగుతున్నాడండీ" అంది ఆంటీ.

"ఇంకెవరు, ఆ రావుగారే. పాపం, ఓపిగ్గా తెలుగులో చెప్పాడు. ఆయన్నింకా ఇంటికి పంపలేదటగా?"

అక్కడ తెలుగు పేషెంటు ఆవిడొక్కతే. ఆ పేరు ఆవిడ ముందు ఎవరూ ఎత్తలేదట.

సాయంత్రం ఆవిణ్ణి తీసుకురావడానికి వెళ్తే, ఇదంతా ఆంటీ నా చెవిలో చెప్పింది. నవ్వేశాను. నవ్వు సరిగ్గా రాలేదు.

మా మెట్ల మీద అక్క ఆవిడ పక్కన, సంచి పట్టుకుని నేను వెనకాల. నా వెనకాల ఎవరూ లేరు. మంచి కాలు, ఆపరేషన్ కాలు, కర్ర... మొత్తానికి పైకి చేరాం. అక్క తాళం తీస్తోంది.

కాంతమ్మగారు వెనక్కి తిరిగి, నా భుజం మీంచి కిందికి చూసింది.

"కాస్త పక్కకి జరుగమ్మా" అంది. "ఆయన్ని రానీ."