సాగనంపడానికి వీల్లేని మనిషి

తెల్లవారిందంటే దుబాయి దేరాలోని ఆ ఫ్లాటులో బాత్‌రూం ముందు వరస మొదలవుతుంది. మూడు గదుల్ని ప్లైవుడ్ అడ్డుగోడలతో ఆరుగా చీల్చి, తొమ్మిది మంది ఫిలిప్పీన్స్ వాళ్ళు సర్దుకుంటున్న ఇల్లు అది. లోపలివాళ్ళు కాస్త ఆలస్యం చేస్తే చాలు, బయటివాళ్ళ నోళ్ళు లేస్తాయి.

"మెర్లీ, స్నానం చేస్తున్నావా, లోపల కాపురం పెట్టావా?" అంటూ నెనీత తలుపు బాదింది.

"కాపురం పెట్టడానికి మొగుడేడీ అక్కా? అందరికీ నీలాగా..." అని మొదలైన గొంతు లోపల ఠక్కున ఆగిపోయింది. ఆ వెంటనే నీళ్ళ చప్పుడు ఎక్కువైంది.

వంటగదిలో వెల్లుల్లి వేసి అన్నం వేయిస్తున్న రిజలీన్ తల తిప్పి చూసింది. "అందరికీ నీలాగా అంటే ఏంటమ్మా?"

"దాని నోటికి తాళం లేదు. నువ్వు అన్నం మాడ్చకు" అని నెనీత మాట దాటేసింది.

రిజలీన్ వచ్చి నెల కావస్తోంది. నెనీత దుబాయి వచ్చేనాటికి ఆ పిల్ల అప్పుడే బడిలో చేరింది. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగి, పాట నేర్చుకుని, ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఒక హోటల్ బ్యాండులో గాయనిగా ఉద్యోగం సంపాదించుకుంది. ఇన్నేళ్ళూ ఫోనులో చూసుకున్న కూతురు పక్కనే పడుకుని నిద్రపోతుంటే నెనీతకి కళ్ళు చాలలేదు. కానీ కూతురు ఏ హోటల్లో పాడుతుందో తెలిసిన రోజున మాత్రం ఆమె మొహం పాలిపోయింది. ఇంకో హోటలు చూసుకోమని ఎంతో పోరింది. ఎందుకో చెప్పలేదు. చెప్పని కారణానికి ఏ పిల్ల వింటుంది?

"నిన్న ఆ లెబనాన్ అబ్బాయి టేబుల్ దగ్గర కూర్చున్నావట" అంది నెనీత, గరిట అందుకుంటూ.

"ఎవరు చెప్పారు?"

"దేరాలో గోడలకి చెవులే కాదు, కెమెరాలు కూడా ఉంటాయి."

"పాట బాగుందన్నాడు. నిమ్మరసం తాగాను, వచ్చేశాను. అంతే కదా."

"మొదట అందరూ పాటే బాగుందంటారు. ఈ ఊళ్ళో రాత్రి పూట మాట్లాడిన మాటలకి పగలు విలువుండదే. ఎవడి వీసా ఎప్పుడు అయిపోతుందో వాడికే తెలీదు."

"అయితే ఒక్క రోజైనా వచ్చి చూడొచ్చుగా నేనెలా ఉంటున్నానో. రమ్మంటే రావు, ఇంట్లో కూర్చుని పోలీసు పని చేస్తావు."

నెనీత గబగబా అన్నం కలియబెట్టింది. ఎలా చెబుతుంది? కూతురు ఆ హోటల్లో చేరేదాకా ఎనిమిదేళ్ళపాటు వారం వారం ఆమె డాన్సు చేసింది అక్కడి హాల్లోనే.

అప్పుడే అర్సేనియో వేయించిన చేపల పళ్ళెంతో వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒక కంపెనీలో మెకానిక్కు, నెమ్మదస్తుడు, బతంగాస్ వైపు మనిషి. హాల్లో మంచం మీద పడుకునే బాబాయిగా అతన్ని రిజలీన్‌కి పరిచయం చేశారు. వచ్చిన రోజునుంచీ ఆమె అలాగే పిలుస్తోంది.

ఆ చేపకి ఒళ్ళంతా ముళ్ళే. అర్సేనియో ఎవరితోనో డ్యూటీ సంగతులు మాట్లాడుతూనే ఒక ముక్క తీసుకున్నాడు. వేళ్ళతో ఒక్కొక్క ముల్లూ తీసేసి, తెల్లటి కండ అంతా నెనీత పళ్ళెంలో పెట్టాడు. ఆమె కూడా అటు చూడకుండానే అన్నంతో కలుపుకుని నోట్లో పెట్టుకుంది. చేప వడ్డించడం మర్యాద. ముళ్ళు తీసి పెట్టడం మర్యాదలోకి రాదు, అది చిన్నపిల్లలకి చేస్తారు, లేదా ఏళ్ళ తరబడి ఒకే పళ్ళెం ముందు కూర్చున్న మనిషికి చేస్తారు.

తడి జుట్టుతో బయటికొచ్చిన మెర్లీ అది చూసి అక్కడే నిలబడిపోయింది.

"బాబాయ్" అంది రిజలీన్ మెల్లగా. "మా అమ్మకి ముళ్ళు తీసుకోవడం రాదా?"

అర్సేనియో చెయ్యి ఆగిపోయింది. బల్ల దగ్గర ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచారు. మెర్లీ ఆరిన బట్టలు మళ్ళీ ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్ళింది.

"ఎన్నేళ్ళయిందమ్మా?"

"ఎనిమిది" అంది నెనీత. అబద్ధం చెప్పడానికి ఓపిక మిగల్లేదు.

"ఈ ఇంట్లో అందరికీ తెలుసు. నాకొక్కదానికే నాటకం. నేను వస్తున్నానని ఆయన్ని హాల్లోకి పంపించావు, అంతేనా? ఆయనకి పెళ్ళయిందా?"

"అయింది. బతంగాస్‌లో భార్య ఉంది."

"ఛీ!"

"అరవకు. నీకు చెప్పకపోవడం తప్పే. కానీ ఇందులో దొంగతనం ఏముందో చెప్పు. మీ నాన్న పన్నెండేళ్ళుగా లోర్నాతో ఉంటున్నాడు. వాళ్ళకి ఇద్దరు పిల్లలు. ఆవిడని నువ్వే పిన్ని అని పిలుస్తావు, వాళ్ళింట్లో భోజనం చేస్తావు. ఆయన్ని ఎప్పుడైనా ఛీ అన్నావా?"

"నాన్న సంగతి వేరు."

"ఎలా వేరు?"

జవాబు లేనప్పుడే మనిషికి కోపం ఎక్కువొస్తుంది.

"నన్ను ఒకడితో నిమ్మరసం తాగనివ్వవు! అమ్మమ్మ రోజూ నీ ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగిస్తుంది, నా కూతురు ఒంటరిగా కష్టపడుతోందని. ఒంటరిగా! ఆ ముసలిదానికి నేనేం చెప్పను?"

"చెప్పకు. చచ్చిపోతుంది."

"అయితే ఆయన్ని పంపించెయ్. ఆయన ఈ ఇంట్లో ఉంటే నేనుండను. నీకు ఎవరు కావాలో తేల్చుకో."

నెనీత కూతుర్ని చూసింది. అతన్ని చూసింది. పదిహేనేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న కూతురు ఒకవైపు, ఆ పదిహేనేళ్ళలో సగం తనని బతికించిన మనిషి ఇంకోవైపు. ఏ తల్లి నోటికి వస్తుంది ఆ జవాబు?

"మీ అమ్మని అంత కష్టపెట్టకమ్మా" అన్నాడు అర్సేనియో. అతని గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. "తేల్చుకోవాల్సిన పని లేదు. నా వీసా అయిపోయింది. శుక్రవారం రాత్రి విమానం."

నెనీత అతని వైపు తిరిగింది. "ఏమన్నావు?"

"అరవై నిండాయిగా. ఇంక పొడిగించరట. చెబుదామనుకున్న రోజున నువ్వు పాప వస్తోందని కొత్త పరదాలు కుడుతున్నావు. పాట కూడా పాడుకుంటున్నావు. ఎలా చెప్పను?"

"పొడిగించమని అడిగావా?"

"అడిగాను."

"సరిగ్గా అడగవు నువ్వు. నోరు లేనివాడివి. బతిమాలావా?"

"బతిమాలాను నెనీ."

నెనీత లేచి, చేతులు కడుక్కుని, బట్టలు సరిచేసే షాపులో తన కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో ఏడవాలన్నా ముందు సెలవు పెట్టుకోవాలి.

తన మాట నెగ్గినందుకు రిజలీన్‌కి సంతోషం కలగాలి. కలగలేదు. ఎవరూ ఎవర్నీ పంపించలేదు, ఎవరో తెలియనివాడు ఎక్కడో ఒక ముద్ర వేయలేదు, అంతే. అరవడానికి కూడా మనిషి దొరకని గొడవ అది.

ఊరికి వెళ్ళేవాళ్ళు పెద్ద అట్టపెట్టె నింపుకుని వెళ్ళడం వాళ్ళ ఆచారం. గురువారం సాయంత్రం ఆ పెట్టె సర్దింది నెనీతే. సబ్బులు, తువ్వాళ్ళు, చాక్లెట్లు, టిన్ను మాంసం పేర్చి, చివర్న ఆడవాళ్ళ చెప్పుల జత ఒకటి కాగితంలో చుట్టి పెట్టింది. రిజలీన్ గుమ్మంలో నిలబడి చూసింది.

"అవి ఎవరికి?"

"ఆవిడకి."

"ఆవిడ కాలి కొలత నీకెలా తెలుసు?"

"ఎనిమిదేళ్ళుగా కొంటున్నది నేనేగా."

"మరి ఆవిడకి... నీ సంగతి తెలుసా?"

నెనీత పెట్టె మీద టేపు అంటిస్తూ నవ్వింది. అది నవ్వులా లేదు. "మొగవాడు కొన్న చెప్పులు ప్రతిసారీ కాలికి సరిపోతే ఏ ఆడదానికి తెలీదే? పాపం, ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఆయనకేమో ఆవిడ కూర ఎలా ఉంటుందో కూడా గుర్తు లేదు. ఎల్లుండినుంచి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినాలి. నాకంటే వాళ్ళ సంగతే ఆలోచిస్తే భయమేస్తుంది."

ఆ రాత్రి రిజలీన్ తన దిండు తీసుకుని మెర్లీ గదిలోకి వెళ్ళి పడుకుంది. తల్లి పక్కన చోటు ఆయనకి వదిలేసింది.

శుక్రవారం దీపాలు పెట్టే వేళకి హోటల్ హాలు నిండిపోయింది. ఆ హాల్లో డాన్సు చేసే జంటలు రెండు రకాలు, కాగితం మీద జంటలైనవాళ్ళు కొద్దిమంది, కలిసి బతుకుతున్నవాళ్ళు చాలామంది. నర్సులు, డ్రైవర్లు, గుమాస్తాలు, పిల్లల్ని చూసుకునే ఆయాలు వారమంతా ఎవరి ఇంట్లోనో వంగి పనిచేసి, ఇక్కడికి వచ్చి నిటారుగా నిలబడతారు. ఆ రోజు నెనీత ఆకుపచ్చ గౌను వేసుకుని వచ్చింది. అర్సేనియో ఇస్త్రీ చొక్కాతో పక్కనే నిలబడ్డాడు. కంపెనీ వ్యాను కింద ఆగి ఉంది. అందులో అతని భార్యని ఎరిగిన ఊరివాళ్ళే ముగ్గురున్నారు కాబట్టి విమానాశ్రయం మాట అటుంచి, నెనీత మెట్లు దిగడానికి కూడా లేదు. సాగనంపడం ఏదైనా ఉంటే అది ఈ హాల్లోనే జరగాలి.

మెర్లీ వేదిక దగ్గరికి వచ్చి రిజలీన్ చెవిలో చెప్పింది. "జంటలో ఒకరు ఊరికి వెళ్ళిపోతుంటే ఇక్కడ ఆఖరి పాట వాళ్ళకి వదిలేస్తాం. మేమంతా చుట్టూ నిలబడి వీపులు తిప్పుకుంటాం, ఎవరూ ఫోటో తీయకుండా. నువ్వు పాడలేకపోతే డ్రమ్ములబ్బాయి పాడతాడులే. నిన్నెవరూ తప్పు పట్టరు."

రిజలీన్ తల అడ్డంగా ఊపి, మైకు అందుకుంది.

ఫోన్లన్నీ జేబుల్లోకి, సంచుల్లోకి వెళ్ళాయి. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ చేతులు కలిపి వలయం కట్టారు, బయటికి మొహం పెట్టి నిలబడ్డారు. మధ్యలో ఇద్దరు మిగిలారు. రిజలీన్ అమ్మమ్మ నేర్పిన పాత ప్రేమపాట ఎత్తుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకి, అంత పెద్ద హాల్లో వాళ్ళిద్దర్నీ చూడగలిగేది తనొక్కతే అని. వేదిక ఎత్తుగా ఉంది, వలయం మీదుగా అన్నీ కనిపిస్తున్నాయి. కళ్ళు దించుకుందామనుకుంది, దించుకోలేకపోయింది.

తల్లి అంత తేలిగ్గా అడుగులు వేయగలదని ఆమెకి తెలియదు. తల్లి అంటే ఆమెకి ఫోనులో కనిపించే అలసిన మొహం, పంపిన పెట్టెలు, బాగా చదువుకోమనే మాట. ఇక్కడున్నది ఎవరో ఆడమనిషి, ఒకరి భుజం మీద తల ఆన్చి, కళ్ళు మూసుకుని, ఇంక దేనికీ భయపడకుండా తిరుగుతోంది. అర్సేనియో ఏడుస్తున్నాడు. నోరు లేని ఆ మనిషి పెదవులు ఆమె చెవి దగ్గర ఏదో చెబుతూనే ఉన్నాయి. ఎనిమిదేళ్ళ కాపురం ఒక్క పాటలో అయిపోతోంది. రిజలీన్ రెండో చరణం చివరికి వచ్చింది. ఆమె ఆపలేదు. పాట ఆగితే ఆయన వెళ్ళిపోవాలి కాబట్టి మొదటి చరణం మళ్ళీ పాడింది, ఆ తర్వాత ఇంకోసారి పాడింది. డ్రమ్ములబ్బాయి అర్థం చేసుకుని వాయిస్తూనే ఉన్నాడు.

కింద వ్యాను హారన్ మోగింది. అర్సేనియో వేదిక వైపు చూసి, రిజలీన్‌కి చిన్నగా తల వంచి, వెళ్ళిపోయాడు. వలయంలో వాళ్ళు మాత్రం ఇంకాసేపు అలాగే వీపులు తిప్పి నిలబడ్డారు, నెనీత కళ్ళు తుడుచుకునేదాకా.

తల్లీ కూతుళ్ళు ఇంటికి నడుచుకుంటూ బయలుదేరారు. బస్టాపు దాకా వచ్చాక నెనీత బెంచీ మీద కూలబడింది.

"ఏడువమ్మా, పోనీ ఏడువు" అంది రిజలీన్.

"ఎవరికోసమని చెప్పి ఏడవను? మొగుడు పోతే విధవ అంటారు. ఇరుగుపొరుగు వస్తారు, పక్కన కూర్చుంటారు. నన్నేమంటారే? మా ఆయన బతికే ఉన్నాడు, హాయిగా లోర్నాతో ఉన్నాడు. ఈయనా బతికే ఉన్నాడు, భార్య దగ్గరికి వెళ్తున్నాడు. అందరూ బాగానే ఉన్నారు. మరి నాకెందుకే ఇలా ఉంది?" అంటూ నెనీత గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒక్క మాట విను తల్లీ. ఆ లెబనాన్ అబ్బాయైనా, ఇంకెవడైనా సరే. విమానాశ్రయం దాకా వెళ్ళి సాగనంపగలిగే మనిషినే చూసుకో."

రిజలీన్ పక్కన కూర్చుంది. క్షమించమంటే చాలదు, ఆయన మళ్ళీ వస్తాడంటే అబద్ధం. తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. బస్సొకటి వచ్చి ఆగి, వెళ్ళిపోయింది.

"అమ్మా" అంది చివరికి. "బాబాయ్ నీకు మొదట ఎక్కడ కనిపించాడు?"

నెనీత ఆశ్చర్యంగా చూసింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తెలిసినవాళ్ళు తెలియనట్టు ఉండిపోయారు, తెలియనివాళ్ళకి తెలియకూడదు.

"లిఫ్టులో" అంది. "మా షాపు ఉన్న బిల్డింగులో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. కరెంటు పోయింది. లోపల నేనొక్కదాన్నే. భయంతో అరుస్తున్నాను. బాగుచేయడానికి వచ్చినవాడు తలుపు అవతల కూర్చుని మన భాషలో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏ ఊరు, పిల్లలెంతమంది, నీ పాప పేరేంటి అని. మొహం కూడా చూడలేదు ఇంకా. భయపడకమ్మా, నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను అని..."

రిజలీన్ ఆమె తలని తన భుజం మీదికి లాక్కుంది. తన కన్నీళ్ళు తల్లి జుట్టులో పడుతుంటే తుడుచుకోలేదు.

"ఊఁ" అంది. "తర్వాత?"