నీలం ‘ఈ’ లేని నెట్ సెంటర్

"ఏమండీ, ఇది నెట్ సెంటరా, ఇంకేమన్నానా?"

క్యాబిన్ కర్టెన్ విసురుగా లాగి నిలబడింది వినీల. ఎంసీఏ రిజల్ట్స్ చూసుకుందామని నాన్నని వెంటబెట్టుకుని గుణదల నుంచి వచ్చింది. సైట్ తెరిచిందో లేదో, అడక్కుండానే సిగ్గులేని బొమ్మలు ఊడిపడ్డాయి. ఒకటి మూస్తే మూడొచ్చాయి. పాపం, వాళ్ళ నాన్నగారు సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయారు.

"నేను పెట్టలేదండీ! వాటంతటవే వస్తున్నాయి," అన్నాడు నతానియేలు. పటమటలో ఆ సెంటర్ అతనిదే.

"రానిస్తున్నది మీరేగా!"

చురుక్కుమంది, నిజం కాబట్టి. ఆ బొమ్మల దెబ్బకి ఆడపిల్లలు రావడం మానేశారు. "నెలాఖరు దాకా చూస్తా. మర్యాదస్తులు రాకపోతే మూసేసి నాతో ఎరువుల కొట్టుకి వచ్చెయ్," అని అతని నాన్న సొలొమోను గారు తేల్చేశారు. అయినా మనవాడికి మాటిమాటికీ గుర్తొచ్చింది ఎరువుల కొట్టు కాదు, కోపంతో ఎర్రబడ్డ ఆ ముక్కు.

మర్నాడు వానలో తడుస్తూ ఆమే వచ్చింది, చున్నీ కింద ఒక సీడీ దాచుకుని.

"ఇది ఫైర్‌ఫాక్స్ అని కొత్త బ్రౌజర్. అడక్కుండా ఊడిపడే ఆ పాపప్‌లని చాలావరకు ఆపేస్తుంది. కస్టమర్ వెళ్ళగానే పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేయొచ్చు."

"ఎంతండీ?"

"ఫ్రీ. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాశారు. కాపీ చేసి పదిమందికి పంచినా ఎవరూ ఏమీ అనరు."

"ఊరికే ఎవరిస్తారండీ ఈ రోజుల్లో?"

"నేనిస్తున్నాగా!"

అంత తెలిసి, అంత తేలిగ్గా చెప్పే మనిషిని అతనింతవరకు చూడలేదు.

ఆ ఉత్సాహంలో ఒక ఘనకార్యం చేశాడు. అన్ని కంప్యూటర్లలోనూ పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తాలూకు నీలం ‘ఈ’ బొమ్మ పీకేశాడు. రెండువేల ఐదులో బెజవాడకి ఆ ‘ఈ’ అంటేనే ఇంటర్నెట్! వచ్చినవాళ్ళు స్క్రీన్ చూసి, "నెట్ లేదా బాబూ?" అని ఎదురు సెంటర్‌కి వెళ్ళిపోయారు.

సంగతి విని వినీల పడీపడీ నవ్వింది. ఫైర్‌ఫాక్స్‌కే నీలం ‘ఈ’ బొమ్మ తగిలించి, కింద ‘ఇంటర్నెట్’ అని పేరు పెట్టింది. "అలవాటయ్యాక ముసుగు తీసేద్దాం. ముందు ఆ కర్టెన్లు తీయించండి," అంది.

నెలాఖరుకి సొలొమోను గారు వచ్చేసరికి కాలేజీ అమ్మాయిలు కుర్చీల కోసం వరసలో ఉన్నారు. మధ్యలో వినీల ఎవరికో ఒకే విండోలో నాలుగు పేజీలు తెరిచే ట్యాబ్‌లు నేర్పుతోంది.

"ఎవర్రా ఆ అమ్మాయి?"

"సెంటర్ని నిలబెట్టింది నాన్నా."

"బదులేం అడిగింది?"

"ఏమీ అడగలేదు."

ఆయన కొడుకు మొహం పరీక్షగా చూశారు. "ఎరువుల కొట్టుకి వేరే మనిషిని చూసుకుంటాలే. మీ అమ్మని తీసుకుని వాళ్ళింటికెళ్ళి సంబంధం మాట్లాడమంటావా?"

వినీల చటుక్కున తిరిగింది. "అంకుల్, ముందు ఆయన్ని నన్ను అడగమనండి."

నతానియేలు ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "వినీల గారూ... మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మీ కోపం కూడా. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

కుర్చీల్లోని అమ్మాయిలంతా ఇటు తిరిగారు.

"ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా ఇంటికి రండి అంకుల్," అంది వినీల. "ఈయన్ని కూడా తీసుకురండి."

మొదట చప్పట్లు కొట్టింది సొలొమోను గారే.